తిరువొత్తియూరు: పట్టణమున కలిసిన ఊరు

(మా సంఘపు వార్షిక సమావేశమున చేసిన ప్రసంగము)



ఈ సభలో మాటలాడవలసినదని కార్యదర్శిగారు మా కొట్టునకు వచ్చి కోరినపుడు మేము మిరపకాయల బస్తాలు తూకము వేయించుచుంటిమి. ఏ విషయమును గూర్చి చెప్పవలయునని యడిగితిమి. మీకు తెలిసిన దేదైనను చెప్పుడనిరి. మా చదువు యస్.యస్.యల్.సి.తో నిలిచినది. కవిత్వము తెలియదు, శాస్త్రము తెలియదు. తెలిసినది జమాఖర్చు. కనుక మేము పుట్టి పెరిగిన ఊరి జమాఖర్చునే మీ ముందుంచెదము. ఆ ఊరు తిరువొత్తియూరు. చెన్నపట్టణమునకు ఉత్తరమున సముద్రము నానుకొని యున్నది. ఒకప్పుడు పల్లె, తరువాత పంచాయతి, ఆ తరువాత పురపాలక సంఘము. 2011 అక్టోబరు నుండి చెన్నపట్టణపు కార్పొరేషనులో ఒక మండలము.

ఈ విషయమునే యెన్నుకొనుటకు కారణమొకటి కలదు. మా కొట్టులో దేవుని పటము ప్రక్కన చట్రము కట్టించిన రసీదొకటి వ్రేలాడుచుండును. మా తండ్రిగారు మొదటిసారి సొంత ఇంటికి పన్ను కట్టినప్పటి రసీదు అది. అద్దె యింట పుట్టి అద్దె యింట పెరిగినవారికి ఇంటిపన్ను రసీదు పట్టాభిషేక పత్రము వంటిది. మొన్న మన సభ్యులలో ఒకరి కుమారుడు, పదమూడేండ్ల బాలుడు, చింతపండు కొనుటకు వచ్చి దానిని చదివి, "మామా, తిరువొత్తియూరు మునిసిపాలిటీ యని ఒకటి ఉండెడిదా?" యని యడిగెను. వాడు ఆ మునిసిపాలిటీ పోయిన తరువాత పుట్టినవాడు. వాని కొక సమాధానము చెప్పి పంపితిమి గాని, ఆ రాత్రి మాకు నిద్ర సరిగా పట్టలేదు. మన కన్నుల యెదుట ఉండిన సంస్థ పదునైదేండ్లు నిండకమునుపే ఊరి పిల్లలకు తెలియని సంగతి యైనది.

ఊరి పేరుతో ఆరంభింతము. తమిళమున ‘ఒఱ్ఱి’ యనగా భోగ్యమునకు పెట్టిన తాకట్టు. దేవుడే తాకట్టులో నున్న ఊరని శైవ భక్తులు తమ పాటలలో ఈ మాటతో చమత్కారములాడిరని పెద్దలు చెప్పుదురు. పేరునకు వేరు కథలును కలవు. వర్తకులము గనుక మాకు తాకట్టు కథయే రుచించినది. దేవాలయమున స్వామి త్యాగరాజు, అమ్మవారు త్రిపురసుందరి. తమిళులు వడివుడై అమ్మన్ అని కొలుతురు. సముద్రతీరమున పట్టినత్తారు సమాధి కలదు. ఆయన వర్తకుడై పుట్టి, కోట్లు గడించి, సర్వమును విడిచి బిచ్చమెత్తిన మహానుభావుడు. మేమును వర్తకులమే. ఆ సమాధికి మ్రొక్కి, వెంటనే కొట్టునకు పోయి తక్కెడ పట్టుదుము. ఆయన క్షమించునని నమ్మకము.

మన భాషకు ఆ ఊరితో గల సంబంధము చిన్నది కాదు. తిరువారూరులో పుట్టిన త్యాగరాజస్వామి వృద్ధాప్యమున యాత్ర చేయుచు ఇచ్చటికి వచ్చి, త్రిపురసుందరిపై అయిదు కృతులను తెలుగున రచించెను. సంగీత విద్వాంసులు వానిని తిరువొత్తియూరు పంచరత్నములందురు. ఆయన శిష్యుడు వీణ కుప్పయ్యరు. కుప్పయ్యరు కుమారుడు తిరువొత్తియూరు త్యాగయ్యరు. ఈ తండ్రి కుమారులు వ్రాసిన తెలుగు వర్ణములను నేటికిని తమిళ బాలికలు మొదటి పాఠములలో నేర్చుచున్నారు. తమిళ దేశపు దేవాలయము, తెలుగు పాట, వినువారు ఉభయులును. ఇందులో ఎవరు అధిక సంఖ్యాకులు, ఎవరు అల్ప సంఖ్యాకులు అను ప్రశ్న ఆనాడు పుట్టలేదు.

ఇక రాజ్యము మాట. 1688లో చెన్నపట్టణమునకు కార్పొరేషను ఏర్పడినపుడు మా ఊరు దానిలో లేదు. 1708లో కర్ణాటక నవాబు దావూద్ ఖాను అయిదు గ్రామములను ఇంగ్లీషు కుంఫిణీకి ఇచ్చెను. తిరువొత్తియూరు, కత్తివాక్కము, సాత్తాంగాడు, వ్యాసర్పాడి, నుంగంబాక్కము. ఇచ్చిన తరువాత మరల అడుగుటయు, వీరు కాదనుటయు జరిగి, 1717లో ఢిల్లీ పాదుషా ఫరుక్‌సియరు ఫర్మానుతో కుంఫిణీ వారు వానిని స్థిరపరచుకొనిరి. ఊరివారిని ఎవ్వరును అడుగలేదు. ఆ కాలమున అడుగు ఆచారము లేదు.

ఆ అయిదింటి గతి చూడుడు. నుంగంబాక్కము, వ్యాసర్పాడి పట్టణమున కలిసిపోయి ఎంతో కాలమైనది. నుంగంబాక్కమున నేడు గజము స్థలము కొనవలెనన్న మా వంటివాని కొట్టు మొత్తము అమ్మవలెను. సాత్తాంగాడు నేడు ఇనుప సామానుల బజారు. తిరువొత్తియూరు, కత్తివాక్కము మాత్రము పట్టణపు హద్దులకు వెలుపల నుండి, చెంగల్పట్టు జిల్లాలో చేరి, తమంత తాము పెరిగి, పురపాలక సంఘములైనవి. 1708లో ఒక్క దానముగా పోయిన ఆ రెండు ఊళ్లు, 303 సంవత్సరముల తరువాత, 2011లో ఒక్క దినముననే పట్టణమున కలిసినవి.

మన వారు అచ్చటికి ఎట్లు చేరిరి? కొందరు రైలులో, కొందరు నడిచి. మా తాతగారు కాలువపై చేరిరి. 1806లో కాక్రేను అను దొర చెన్నపట్టణము నుండి ఎన్నూరు వరకు త్రవ్వించిన ఉప్పునీటి కాలువ, తరువాత పులికాటునకును, అచ్చట నుండి ఉత్తరముగా పెద్దగంజాము వరకును పోయి కృష్ణా కాలువలతో కలిసినది. 1876-78 కరవు కాలమున పనిచేయించిన గవర్నరు పేర దానిని బకింగుహాము కాలువ యనిరి. బియ్యము, ఉప్పు, కట్టెలు దానిపై వచ్చెడివి. శ్రీహరికోట అడవి కట్టెలతో ఎన్నో యేండ్లు చెన్నపట్టణపు పొయ్యిలు మండినవి. మా తాతగారు నెల్లూరు జిల్లా తీరము నుండి కట్టెల పడవ వెంట వచ్చి, పడవ తిరిగి పోవునపుడు తాము పోలేదు. ఎందుకు పోలేదనిన, పడవవాడు ఇచ్చు కూలికంటె ఊరిలో కట్టెలు చీల్చిన కూలి ఎక్కువయని చెప్పెడివారు. చరిత్రకారులు పెద్ద పెద్ద కారణములు చెప్పవచ్చును గాక. మా వంశము తమిళదేశమున నిలుచుటకు కారణము దినమునకు రెండణాలు.

ఆ రోజులలోనే ఊరి ముఖము మారసాగెను. విమ్కో అగ్గిపెట్టెల కర్మాగారము వచ్చెను. రైలు స్టేషనొకటి నేటికిని దాని పేరనే యున్నది. 1946లో ఒక చిన్న పాకలో పిల్లల రబ్బరు బుడగలు చేయ నారంభించిన వ్యాపారమే నేడు దేశమంతట చక్రముల రబ్బరు అమ్మెడి యం.ఆర్.యఫ్. 1955లో ఎన్‌ఫీల్డు మోటారు సైకిళ్ల తయారీ మొదలైనది. పనికి మనుషులు కావలెను. తమిళులు వచ్చిరి, మన వారు వచ్చిరి, మలయాళులు వచ్చిరి. షిఫ్టు విడిచినపుడు తేరడి వీధిలో నాలుగు భాషలలో బాకీల వసూలు జరిగెడిది. మా తాతగారు కట్టెల అడితి మాని పప్పుల కొట్టు పెట్టినది అప్పుడే. అప్పు వ్రాసుకొను పుస్తకము మాత్రము తెలుగున నుండెను. ఎవరికిని చదువ రాదు గదా యని!

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము వేరుపడినది. చెన్నపట్టణమునకై మన పెద్దలు పడిన ఆరాటము, 1952 డిసెంబరు 15న మైలాపూరులో పొట్టి శ్రీరాములుగారు ప్రాణత్యాగము చేసిన సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. తరువాత 1960లో తిరుత్తణి ఇటు వచ్చెను. మా తాతగారు ఒక మధ్యాహ్నము అన్నము తిని పండుకొని లేచునప్పటికి అల్ప సంఖ్యాకులైరి. ఆయనకు ఆ మాట తెలియదు. ఆయనకు తెలిసినది వార్డు కౌన్సిలరు.

ఇచ్చట కొంచెము నిలిచి చెప్పవలెను, ఏలనన మా ప్రసంగమున ముఖ్యమైన పద్దు ఇదియే. పురపాలక సంఘము స్వర్ణయుగమని మేము చెప్పుట లేదు. పట్టణమునకు వెలుపల నున్న పురములలో మురుగు కాలువ లేని వీధులే ఎక్కువ. వేసవిలో నీళ్లకై బిందెల వరుసలు మన తల్లులకు తెలియును. తూర్పున సముద్రము వేరొక శత్రువు. చెన్నపట్టణమున రేవు కట్టినది మొదలు, రేవునకు దక్షిణమున ఇసుక మేట వేసి మెరీనా విశాలమైనది. ఉత్తరమున ఇసుక కొట్టుకొని పోయి మా తీరము కరగినది. దక్షిణపువారు సాయంకాలము షికారు పోవు ఇసుక మా ఊరి పాలు కావలసినదే యని మా తండ్రిగారు నవ్వుచు చెప్పెడివారు. చేపలు పట్టువారి గుడిసెలు వరుస వెంట వరుస పోయినవి. నేడు రాళ్ల గోడ కట్టి సముద్రమును నిలిపియున్నారు. ఇట్టి ఊరికి చిన్న సంఘపు ఆదాయము చాలదనిన అది నిజమే.

అయినను ఆ సంఘమున ఒక సౌకర్యముండెను. కౌన్సిలరు దొరకెడివాడు. ఉదయము టీ కొట్టు దగ్గర దొరకెడివాడు. పెండ్లిలో దొరకెడివాడు. వానికి వోటు వేసిన ఇండ్లు కొద్ది వీధులలోనివే. ఏ యింట ఏ భాష మాటలాడుదురో వానికి తెలియును. నూరు తెలుగు కుటుంబము లున్న వార్డులో ఏ పార్టీవాడైనను సంక్రాంతి నాడు మన వాకిట ముగ్గు త్రొక్కకుండ పోజాలడు. మనపై ప్రేమ చేత కాదు, లెక్క చేత. మాకు ప్రేమకంటె లెక్కయందే నమ్మక మెక్కువ.

చిన్న పురము తలచుకొనిన ఏమి చేయగలదో యెరుగుటకు ఆలందూరు కథ వినదగినది. అదియు మా ఊరితో పాటు కలిసిన పురమే, పట్టణమునకు దక్షిణమున విమానాశ్రయము దాపున నున్నది. 1996లో ఎన్నికైన అచ్చటి సభ్యులు ఊరంతటికి భూగర్భ మురుగు కాలువ వేయదలచిరి. అంచనా సుమారు 34 కోట్ల రూపాయలు. ప్రభుత్వము మొత్తము ఇచ్చు వరకు కూర్చుండిన మనుమల కాలమునకైనను కాలువ రాదు. అందుచేత ఇంటింటికి పోయి, ఒక్కొక్క ఇంటికి 5,000 రూపాయలు ముందుగా డిపాజిట్టు కట్టుడనిరి. కాలువ వచ్చిన తరువాత నెలకు 150 రూపాయలు రుసుమనిరి. బీదలకు తక్కువ. ఇంకను గుంత త్రవ్వని కాలువకు ఎవడు సొమ్ము కట్టును? మేమైతే కట్టియుండము. కాని ఆలందూరు వారు కట్టిరి. వేలకొలది ఇండ్లవారు కట్టిరి. మిగిలినది అప్పు తెచ్చిరి. కాలువ వచ్చెను, పెరుంగుడిలో మురుగు శుద్ధి చేయు నిలయము వచ్చెను. పని చేసిన సంస్థలలో ఒకటి మన హైదరాబాదుదే. దేశ దేశములవారు చూచిపోయి వ్రాసిన ఉదాహరణ ఇది. జనము ఎందుకు కట్టిరి? సొమ్మడిగినవాడు అదే వీధివాడు. రేపు కాలువ రాకున్న వాని చొక్కా పట్టుకొనవచ్చును. ఇంతకంటె గొప్ప హామీపత్రము బ్యాంకులలో కూడ లేదు.

ఇట్లుండగా 2009లో పట్టణపు హద్దులు పెంచుటకు ఉత్తర్వు వెలువడెను. 2011 అక్టోబరులో, పాత సంఘముల కాలము ముగియగానే, విలీనము అమలు జరిగెను. 9 పురపాలక సంఘములు, 8 పట్టణ పంచాయతులు, 25 గ్రామ పంచాయతులు, మొత్తము 42 సంస్థలు ఒక్కసారి పోయినవి. 174 చదరపు కిలోమీటర్ల పట్టణము 426 అయ్యెను. ఇది చెన్నపట్టణపు వింత మాత్రమే కాదు. బెంగుళూరు సోదరులు ఈ సభలో నున్నారు; 2007లో యెలహంక, కృష్ణరాజపురము మొదలగు ఏడు నగరసభలును, కెంగేరియు, 110 గ్రామములును అచ్చటి మహానగర పాలికెలో కలిసిన సంగతి వారెరుగుదురు. యెలహంక కెంపెగౌడ వంశీయుల తావు; తెలుగున యక్షగానము వ్రాసినాడని చెప్పబడు కెంపెగౌడ కట్టిన బెంగుళూరే పెరిగి వచ్చి యెలహంకను మ్రింగినది. 2025లో ఆ మహానగరమును మరల అయిదు కార్పొరేషనులుగ విడదీసిరి. కలుపుట, విడదీయుట ప్రభుత్వములకు చీట్లపేక కలిపినంత సులువు. ఆట ఆడువారికి మాత్రము చేతి ముక్కలు మారిపోవును.

ఇపుడు లెక్క చెప్పెదము. 2011 జనాభా లెక్కలలో తిరువొత్తియూరు జనము 2,49,446. పాత చెన్నపట్టణపు జనము 46 లక్షలకు పైన. అన్నియు కలిసిన పట్టణపు జనము సుమారు 67 లక్షలు. వార్డులు 200. సగటున ఒక్కొక్క వార్డునకు 33 వేలకు పైబడిన జనము. మా మొదటి మండలమున తిరువొత్తియూరు, కత్తివాక్కము, ఎన్నూరు కలిపి 14 వార్డులు. రెండు సంపూర్ణ పురపాలక సంఘముల సభ్యులు కూర్చుండిన కుర్చీల స్థానమున నేడు 14 కుర్చీలు. నూరు కుటుంబములు చిన్న వార్డులో త్రాసును వంచగలవు. 33 వేలలో అవి చిల్లర. పాత పట్టణపు వారికిని లాభము కలుగలేదు సుమా! పూర్వము వారికి 155 మంది కౌన్సిలర్లు; విలీనముతో 107 అయిరి, మిగిలిన 93 క్రొత్త ప్రాంతములకు పోయినవి.

వచ్చిన లాభములను దాచుట వ్యాపార ధర్మము కాదు. 2021 ఫిబ్రవరిలో మెట్రో రైలు విమ్కో నగరము వరకు వచ్చెను. మా తండ్రిగారు సరకునకై కొత్వాలు బజారునకు పోయి వచ్చుటకు సగము దినము పట్టెడిది. మేము ఉదయపు ఫలహారమునకును మధ్యాహ్న భోజనమునకును నడుమ పోయి వచ్చుచున్నాము. పట్టణమున లేకపోయినను రైలు వచ్చెడిదేమో, అది వేరు విచారము. లెక్కలో జమ వైపే వ్రాసితిమి. రోడ్లు, దీపములు కొంత మేలు. పట్టణమువారమని చెప్పుకొనిన పిల్లకు సంబంధము కుదురుట సులువని మా యింటివారందురు.

కాని కొంత కాలము మేము రెండు ఇండ్ల చుట్టములమైతిమి. ఇంటిపన్ను చెన్నపట్టణపు కార్పొరేషనుకు. కులము, ఆదాయము, భూమి పత్రములకు తిరువళ్లూరు జిల్లా. చెంగల్పట్టు జిల్లాను 1997లో రెండుగా విభజించినపుడు మేము తిరువళ్లూరులో పడితిమి. 2018లో గాని మమ్ము చెన్నై జిల్లాలో చేర్చలేదు. ఏడు సంవత్సరములు కాపురమొకచోట, రేషను చీటి మరియొకచోట వంటి స్థితి. ఏ కాగితమునకు ఏ గుమ్మము త్రొక్కవలెనో తెలియక తిరిగిన ముసలివారు మన వారిలో నెందరో కలరు.

దీనికంటె పెద్దదెబ్బ 2016లో తగిలినది. ఆ అక్టోబరులో కార్పొరేషను సభ్యుల కాలము ముగిసెను. మరల ఎన్నికలు 2022 ఫిబ్రవరి 19న జరిగెను. నడుమ అయిదేండ్లకు పైగా ఒక్క కౌన్సిలరును లేడు. అధికారులు పాలించిరి. అధికారులలో మంచివారున్నారు, మేము కాదనము. కాని అధికారి బదిలీ యగును, వానికి మన వీధిలో మామగారిల్లు ఉండదు.

2017 జనవరి 28న ఎన్నూరు రేవు దాపున రెండు ఓడలు ఢీకొని నూనె సముద్రమున చిందినది. అలలతో పాటు నల్లని జిడ్డు ఎర్ణావూరు, తిరువొత్తియూరు ఒడ్డునకు వచ్చి రాళ్లపై పేరుకొన్నది. తాబేళ్లు చచ్చి పడినవి. చేపలు కొనువారు లేరు. మనుషులు బకెట్లతో తోడిరి. కోస్తా రక్షక దళమువారు వచ్చిరి, కాలేజీ పిల్లలు వచ్చిరి, ఎచ్చటెచ్చటివారో వచ్చిరి, వారందరికి దండము. మేమును మా సంఘపు యువకులును పాత గోనెలు, కిరసనాయిలు, సబ్బు తీసుకొని పోయితిమి. ఒడ్డున ఒక ముసలి పల్లెకారు మమ్ము చూచి తమిళమున, "మన కౌన్సిలరు ఎవరయ్యా?" అని యడిగెను. చెప్పుటకు పేరు లేదు. 2023 డిసెంబరులో తుఫాను నీళ్లతో మరల నూనె ఎన్నూరు కయ్యలోనికి వచ్చినపుడు కష్టము తక్కువ కాలేదు గాని, పేరు పెట్టి తిట్టుటకు కౌన్సిలర్లుండిరి. అదియు ఒక ఊరట.

ఇక మన పాఠశాల సంగతి. దాని పేరు చెప్పము, అది ఏ పురమున నున్నదో కూడ చెప్పము. తప్పు ఒక మనిషిది కాదు. మా తండ్రి తరమువారు చదివిన ప్రాథమిక పాఠశాల అది. అందులో తెలుగు విభాగముండెడిది. తమిళము నేర్పవద్దని మనము ఎన్నడును అనలేదు. 2006 నాటి చట్టము ప్రకారము అందరును నేర్చుచున్నారు, మన పిల్లలు తరగతిలో మొదటివారుగ కూడ వచ్చుచున్నారు. మనము కోరినది దానితో పాటు తల్లి భాష. రాజ్యాంగమున 1956లో చేర్చిన 350-ఏ అధికరణము అల్ప సంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని చెప్పుచున్నది. అంతకు పూర్వము 1949లో రాష్ట్రముల విద్యామంత్రులు కూడి ఒక కొలత పెట్టిరి: తరగతిలో పదిమంది గాని, పాఠశాల మొత్తమున నలుబదిమంది గాని ఉన్నచో ఉపాధ్యాయుని నియమింపవలెనని. మనము డెబ్బది యేండ్లుగా ఈ పది, నలుబది చుట్టు తిరుగుచున్నాము.

చాల యేండ్ల క్రిందట ఒకసారి ఆ తరగతిలో పిల్లలు తొమ్మండుగురైరి. విభాగము తీసివేయుదురను మాట పుట్టెను. అప్పటి కౌన్సిలరు తమిళుడు. మన భాషలో "బాగున్నారా" తప్ప మరి రాదు. మా తండ్రిగారు వానిని కొట్టునకు పిలిచి సంగతి చెప్పిరి. ఇద్దరును ఆ సాయంకాలమే సైకిలు నడిపించుకొనుచు నాలుగు వీధులు తిరిగిరి. చీకటి పడకముందు పదవ పిల్ల దొరకినది. ఒక ఇస్త్రీ పని చేయువారి కూతురు. పాఠశాల పేరున్న ఊరిలోనే బడి గతి నిశ్చయమైనది. మరునాడు పేరు వ్రాయించిరి.

అదే పాఠశాలలో 2017 వేసవిలో తెలుగు ఉపాధ్యాయిని పదవీ విరమణ చేసిరి. మేము విజ్ఞాపన వ్రాసి ఒక కార్యాలయమున నిచ్చితిమి. అది మా పని కాదు, పై కార్యాలయమునకు పొండనిరి. పై కార్యాలయమున కాగితము తీసుకొని ముద్ర వేసిరి. మూడు నెలలకు పోయిన మరల వ్రాయుడనిరి. గుమాస్తాలు మర్యాదగానే మాటలాడిరి. ఒకరు మాకు కుర్చీ వేసి మంచినీళ్లు కూడ ఇచ్చిరి. కాని ఎవరికిని ఆ బడి తెలియదు, ఆ పిల్లలు తెలియదు. తొమ్మిది అనునది వారికి అంకె. మాకు తొమ్మిది ముఖములు. సైకిలు పట్టుకొని వెంట నడుచుటకు కౌన్సిలరు లేడు. రెండేండ్లు టీచరు లేని తరగతిలో ఏ తల్లి బిడ్డను కూర్చుండబెట్టును? ఒక్కొక్కరే ప్రక్క తరగతికి మారిరి. 2022లో మరల కౌన్సిలర్లు వచ్చునప్పటికి తెలుగు పలక మీద సుద్ద ముక్క ఆనించువారు లేరు.

కొందరు మిత్రులు, పురపాలక సంఘమును మరల తెమ్మని అడుగుదమందురు. అది జరుగునది కాదు. వండిన అన్నము నుండి బియ్యము వేరుచేయుటకు పూనుకొనము. మా అభిప్రాయము వేరు. పట్టణము పెద్దదైనది, మనము చిన్నవారమైతిమి. మన నూరు కుటుంబముల లెక్క ఇంతకు ముందు కౌన్సిలరు తలలో నుండెడిది. ఇపుడు అది మన పుస్తకముననే యుండవలెను. ఏ వార్డులో ఎన్ని తెలుగు ఇండ్లు, ఏ యింట అయిదేండ్ల పిల్లలున్నారు, ఎవరు ఏ బడికి పోవుచున్నారు. అధికారి అడిగిన దినమున మనము అరచుటకాక, పుస్తకము తెరచి చూపవలెను.

అట్లే పాత కాగితములు. పోయిన సంవత్సరము మన సభ్యులలో ఒకరు తమ తండ్రి జనన పత్రమునకై ఒక కార్యాలయమునకు పోగా, పాత పుస్తకములు మరియొకచోటికి పోయినవనిరి. అచ్చటికి పోగా ఇచ్చటనే యుండవలెననిరి. పుస్తకము దొరకలేదు. చివరకు ఆయన చేతనున్న పాత పన్ను రసీదు, బడి సర్టిఫికెటు చూపి పని నెరవేర్చుకొనిరి. కనుక మీ ఇండ్లలో ట్రంకు పెట్టెల అడుగున నున్న రసీదులు, లైసెన్సులు, ఓటరు చీట్లు పారవేయకుడు. పాత కాగితముల వానికి కిలో లెక్కన అమ్మకుడు. సంఘమునకు తెండు. మా కొట్టులోని యువకుడు వానికి నకళ్లు తీసి అసలు మీకే ఇచ్చివేయును; ఇప్పటికి రెండు అట్టపెట్టెలు నిండినవి. వానిలో మన తాతల పేర్లు తమిళ గుమాస్తాల చేతివ్రాతలో నున్నవి. కొన్ని పేర్లు తప్పుగానున్నవి, కొన్ని ముద్దుగానున్నవి. మా తాతగారి పేరును మూడు రసీదులలో మూడు విధములుగ వ్రాసిరి.

బడి సంగతి ముగించెదము. మొన్న మాఘమాసము నుండి మేము అయిదుగురము ఆదివారములందు ఇల్లిల్లు తిరుగుచున్నాము. రాబోవు జూనులో ఒకటవ తరగతిలో తెలుగు చదివింతుమని సంతకము చేసిన తల్లిదండ్రుల పిల్లలు ఎనమండుగురు. ఈ వార్డు కౌన్సిలరమ్మగారిని కలిసితిమి. ఆమె తమిళురాలు, చిన్న వయస్సు, ఓపికగా విన్నది, పదిమంది పేర్లు తెచ్చిన తాను స్వయముగ వచ్చెదనన్నది. ఇంక రెండు పేర్లు కావలెను. జాబితా ద్వారము దగ్గర బల్లపై నున్నది, కలము దారముతో కట్టియున్నది. ఫలహారములు ఆ బల్ల దాటిన తరువాత ఏర్పాటు చేయించితిమి.